ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు నుంచి ప్రెస్సు పీడీఎఫ్ దాకా: లక్షలు పెట్టక్కర్లేదు

ప్రశ్న: మేం ముగ్గురు మిత్రులం కలిసి ఏడాదికి నాలుగైదు పుస్తకాలు వేస్తాం. ఎక్కువగా కథలు, కవిత్వం. ఒక్కో పుస్తకం 300 నుంచి 500 కాపీలు. ఇన్నాళ్లూ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేయించాం. రెండో ముద్రణ వేద్దామంటే పాత ఫైలు తెరుచుకోదు, తెరుచుకున్నా ఈబుక్‌కి పనికిరాదు. మాలో ఒకరికి కంప్యూటర్ పని కొంత తెలుసు. ఆయన రెండు కథా సంపుటాల్నీ ఒక పద్య నాటకాన్నీ యూనికోడ్‌లో టైపు చేయించి ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో (ఏది శీర్షిక, ఏది పేరా అని ట్యాగులతో గుర్తుపెట్టే ఫైలు) పెట్టారు. అక్కడి నుంచి ప్రెస్సుకి ఇవ్వగల పీడీఎఫ్ ఎలా తీయాలో తేలడం లేదు. మేం అడిగిన ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఎక్స్‌ఎస్‌ఎల్-ఎఫ్‌ఓ ఒక్కటే సరైన పద్ధతి అనీ, ఫార్మాటర్ (పేజీలు కూర్చి పీడీఎఫ్ తీసే ప్రోగ్రాం) లైసెన్సుకీ సెటప్‌కీ కలిపి లక్షల్లో అవుతుందనీ చెప్పింది. మా ఏడాది బడ్జెట్టే అంత ఉండదు. తెలుగు చెడకుండా చవగ్గా చేసుకునే దారి ఉందా?

సమాధానం:

ఉందండీ. ఫార్మాటర్ మీద ఒక్క రూపాయి పెట్టకుండా మీ కథా సంపుటాలు రెండూ, పద్య నాటకమూ బయటికి తీసుకురావచ్చు. నా సలహా ముందే చెప్పేస్తాను: ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో (ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే సూచనల భాష) హెచ్‌టీఎమ్‌ఎల్‌గా (వెబ్ పేజీల భాష) మార్చి, దానికి సీఎస్‌ఎస్ (పేజీ ఎలా కనపడాలో చెప్పే సూచనలు) రాసి, వీజీప్రింట్ అనే ఉచిత ప్రోగ్రాంతో పీడీఎఫ్ తీయండి. ఎందుకు ఇదే అన్నది, దీనితో ఎక్కడ ఇబ్బంది పడతారన్నది కింద చెబుతాను. మిగిలే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను, ఎందుకంటే మీకు అసలు ఖర్చు సాఫ్ట్‌వేర్‌లో లేదు.

ఆ సంస్థ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఎక్స్‌ఎస్‌ఎల్-ఎఫ్‌ఓ అన్నది, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని పేజీలుగా ఎలా పరచాలో చెప్పడానికి 2001లో వచ్చిన డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) ప్రమాణం. 1.1 వెర్షన్ 2006లో వచ్చింది. 2.0 మాత్రం చిత్తు దశలోనే ఆగిపోయింది. విమానాల మాన్యువల్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వేల పేజీల సాంకేతిక పత్రాలు తీసే పెద్ద సంస్థల్లో అది ఇప్పటికీ నడుస్తోంది. దానికి పేరున్న ఫార్మాటర్లు యాంటెన్నా హౌస్, రెండర్‌ఎక్స్ కంపెనీలవి. మంచివే, కాకపోతే ధరలు ఆ పెద్ద సంస్థలకు తగ్గట్టు ఉంటాయి. 300 కాపీల కవితా సంపుటికి అవి ఎవరూ కొనరు. ఉచితంగా దొరికే అపాచీ ఎఫ్‌ఓపీ ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. అది ఇంగ్లీషు పుస్తకానికి బాగానే పనిచేస్తుంది. తెలుగు దగ్గరికొచ్చేసరికి నాకు దాని మీద ధైర్యం చాలదు. వత్తుల్నీ గుణింతాల్నీ కూర్చే పనిని అది ఒక్కో లిపికీ విడిగా సొంత కోడ్‌తో చేసుకుంటుంది. మిగతా ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ పనికి హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ని వాడుతున్నాయి.

మీలాంటి వాళ్లకి ఈ హార్ఫ్‌బజ్ విషయమే అన్నిటికంటే ముఖ్యం. తెలుగులో అక్షరం ఒక్క గీత కాదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం వెనక ఆరు యూనికోడ్ సంకేతాలు ఉంటాయి. వాటిని చదివి, ఫాంటులోని సూచనల ప్రకారం ఏ వత్తు ఎక్కడ, ఏ గుడి ఎలా అని కూర్చేవాడు ఒకడు ఉండాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, జీటెక్ అన్నీ ఈ పని హార్ఫ్‌బజ్‌కే అప్పగిస్తాయి. వీజీప్రింట్ కూడా పాంగో అనే లైబ్రరీ ద్వారా దాన్నే వాడుతుంది. అంటే మీ పేజీ క్రోమ్‌లో ఒక ఫాంటుతో సరిగ్గా కనిపిస్తే, అదే ఫాంటుతో పీడీఎఫ్‌లోనూ వత్తులు సరిగ్గా వస్తాయని దాదాపు ధీమాగా ఉండొచ్చు.

అయినా సరే, ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఎంచుకునే ముందు ఒక పరీక్ష పేజీ తయారుచేసుకోండి. అందులో ఈ మాటలు పెట్టండి: రాష్ట్రం, ఉజ్జ్వల, జ్యోత్స్న, వాఙ్మయం, కర్తృత్వం, దుఃఖం, క్ష్మాపతి, సంస్కృతి. మీది పద్య నాటకం కాబట్టి అరసున్న, బండి ఱ, దంత్యాక్షరాల రూపాలు ౘ, ౙ, అవగ్రహం ఽ కూడా ఉండాలి. ఆ ౘ, ౙ యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి, పాత ఫాంట్లలో వాటి బదులు డబ్బాలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. లిపిని సరిగ్గా కూర్చలేని ప్రోగ్రాంలో వత్తు పక్కకి జారిపోతుంది, లేదా పొల్లు విడిగా నిలబడుతుంది, లేదా చుక్కల వలయం ఒకటి ప్రత్యక్షమవుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ప్రోగ్రాం ఉచితమైనా వద్దు, లక్షలు ఖరీదు చేసేదైనా వద్దు.

పరీక్ష పేజీలో ఇంకో రకం మాటలు కూడా ఉండాలి: సాఫ్ట్‌వేర్, ఆఫ్‌లైన్, హైస్కూల్‌లో. వీటిలో పొల్లు తర్వాత కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే సంకేతం ఉంటుంది. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వకారం ట కిందికి వత్తుగా దిగిపోతుంది. నేటి కథల్లో ఇంగ్లీషు మాట లేని పేజీ ఉండదు కదా. వర్డ్ నుంచి ఎక్స్‌ఎమ్‌ఎల్‌కి మార్చేటప్పుడు ‘అనవసరమైన అక్షరాలు తీసేయడం’ అనే పేరుతో కొన్ని స్క్రిప్టులు ఈ సంకేతాన్ని ఊడ్చిపారేస్తాయి. మీ మిత్రుణ్ణి ముందుగా ఇది చూసుకోమనండి. ఇప్పటికే పోయి ఉంటే తిరిగి పెట్టడం ప్రూఫ్‌రీడర్ ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అసలు దారి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ‘ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పద్యపాదం’ అన్న సమాచారమే ఉంటుంది, అది ఎలా కనపడాలో ఉండదు. మీ మిత్రుడు ఏ ట్యాగులు వాడారో మీరు రాయలేదు. సొంతంగా కల్పించుకున్నవి అయితే కొంప మునిగిపోదు గానీ, కుదిరితే టీఈఐ వైపు మళ్లండి. సాహిత్యం, మానవీయ శాస్త్రాల గ్రంథాల్ని ట్యాగులతో భద్రపరచడం కోసం 1987లో మొదలైన ప్రయత్నం అది. ఇప్పుడు వాడుకలో ఉన్న పీ5 వెర్షన్ 2007లో వచ్చింది. పద్యానికి, పాదానికి, నాటకంలో పాత్ర పేరుకి, సంభాషణకి, రంగ సూచనకి అందులో సిద్ధంగా ట్యాగులున్నాయి. దాని మార్గదర్శక గ్రంథం చూసి భయపడొద్దు, మీకు అందులో ఇరవై ట్యాగులు చాలు. డాక్‌బుక్ అని ఇంకొకటి సూచిస్తారు. అది సాంకేతిక పుస్తకాలకి పుట్టింది, పద్యం దగ్గర ఇరుకున పడతారు.

ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చడానికి సాక్సన్ అనే ప్రోగ్రాం ఉచిత ఎడిషన్ చాలు. ఒకసారి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ రాసుకుంటే అన్ని పుస్తకాలకీ అదే. ఆ తర్వాత సీఎస్‌ఎస్. వెబ్‌సైట్లకి వాడే ఈ సీఎస్‌ఎస్‌లోనే పుస్తకం పేజీల కోసం ఒక భాగం ఉంది. కుడి పేజీకి ఒక మార్జిన్, ఎడమ పేజీకి ఒకటి, పైన ఒకవైపు పుస్తకం పేరు, రెండోవైపు కథ పేరు, విషయసూచికలో పేజీ నంబర్లు వాటంతటవే పడటం, పేరా చివరి లైను ఒంటరిగా తర్వాతి పేజీకి పోకుండా ఆపడం, ఇవన్నీ దానితో చెప్పొచ్చు. వీజీప్రింట్ వీటన్నిటినీ పాటిస్తుంది, అధస్సూచికలూ వేస్తుంది. బీఎస్‌డీ లైసెన్సు కాబట్టి అమ్మే పుస్తకాలకు వాడినా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. విండోస్‌లో పెట్టడం మొదటిసారి కాస్త చికాకుగా ఉంటుంది, లినక్స్‌లో తేలిక.

పేజీలు కూర్చే టెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కుటుంబాన్ని ఎందుకు చెప్పలేదని మీ మిత్రుడు అడగవచ్చు. అడగాలి కూడా. పేజీ అందం ఒక్కటే కొలమానమైతే నేను జీటెక్ గానీ, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని నేరుగా చదివే కాన్‌టెక్స్ట్ గానీ సూచించేవాణ్ణి. జోనథన్ క్యూ 2004లో జీటెక్ తెచ్చినప్పటి నుంచి యూనికోడ్ లిపులన్నీ టెక్‌లోకి సులువుగా వచ్చాయి. లైన్లు విరవడంలో టెక్‌ని ఉచిత సాఫ్ట్‌వేర్లేవీ కొట్టలేవు: అది పేరా మొత్తం చూసి ఎక్కడ విరిస్తే అన్ని లైన్లూ సమంగా వస్తాయో లెక్కవేస్తుంది. వీజీప్రింట్ ఒక లైను నింపి, తర్వాతి లైనుకి వెళ్తుంది. అంతే, వెనక్కి చూడదు. ఈ తేడా మనకు ఇంగ్లీషు వాళ్లకంటే ఎక్కువ తగులుతుంది. ‘వెళ్లిపోవాల్సివచ్చినప్పుడల్లా’ లాంటి మాట లైను చివర పట్టకపోతే మొత్తం కిందికి దిగి, పై లైన్లో మాటల మధ్య సందులు పడతాయి.

అయినా నేను సీఎస్‌ఎస్ అనే అంటున్నాను, మీ పరిస్థితి చూసి. మీలో కంప్యూటర్ పని తెలిసింది ఒక్కరికి. రేపు ఆయన ఉద్యోగం మారినా, అమెరికాలో కూతురి దగ్గరికి ఆర్నెల్లు వెళ్లినా మీ పుస్తకాలు ఆగకూడదు. టెక్‌లో మాక్రో (ఆదేశాల కట్ట) చెడిపోతే బాగుచేసే మనిషి కోసం యూనివర్సిటీ గణిత శాఖల్లో వెతకాలి. సీఎస్‌ఎస్ అయితే మీ వీధిలోనే ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరో ఒకరు ఉంటారు. సైల్ అని, టైప్‌స్ట్ అని కొత్త సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. ఆసక్తికరమైనవే, సరదాకి చూడండి, సంస్థని మాత్రం వాటి మీద ఇప్పుడే నిలబెట్టకండి.

లైన్లలో సందుల సమస్యకి రెండు మందులు. మొదటిది మాటల్ని విరవడం. వీజీప్రింట్ వాడే పైఫెన్ నిఘంటువుల్లో తెలుగుది కూడా ఉంది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో భాష తెలుగు అని తప్పకుండా పేర్కొనండి, లేకపోతే అది పనిచేయదు. అయితే ఊరికే వదిలేస్తే ‘వాళ్ల’ ఒక లైన్లో, ‘కు’ ఇంకో లైన్లో పడుతుంది. విరిచిన ముక్కలో కనీసం ఇన్ని ఉండాలి అని సీఎస్‌ఎస్‌లో పరిమితి పెట్టొచ్చు. కాకపోతే ఆ లెక్క అక్షరాల్లో కాదు, సంకేతాల్లో ఉంటుంది. గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, వత్తు రెండు అన్నట్టు లెక్కపడతాయి కాబట్టి ఇంగ్లీషుకి ఇచ్చే సంఖ్య కంటే పెద్దది ఇవ్వాలి. విరిచిన చోట అడ్డగీత ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. తెలుగు అచ్చులో రెండూ అలవాటే. గీత అక్కర్లేదనుకుంటే ఆ గుర్తుని ఖాళీగా పెట్టేయొచ్చు. రెండో మందు ఇంకా సులువు: కుడి అంచు సమంగా ఉండాలన్న పట్టుదల వదిలేయడం. కథలకి పాఠకులు ఒప్పుకోరని మీకనిపించవచ్చు. ఒక ఫారం (16 పేజీలు) అచ్చు వేసి చూసుకోండి, చిన్న సైజు పుస్తకంలో అదే హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. కవిత్వానికీ పద్యాలకీ ఈ గొడవే లేదు.

ఫాంట్ల దగ్గర పాత అలవాటు వదులుకోవాల్సి వస్తుంది. అను ఫాంట్ల కోసం తయారైన టెక్స్టు యూనికోడ్ కాదు, కాబట్టి ఈ దారిలోకి అవి రావు. వాటి నాజూకు రూపాలకి అలవాటుపడ్డ కళ్లకి మొదట్లో కష్టంగానే ఉంటుంది. సిలికానాంధ్ర వాళ్ల చొరవతో వచ్చిన మండలి, సూరన్న, రామభద్ర, పొన్నాల లాంటి ఫాంట్లు, గూగుల్ నోటో సెరిఫ్ తెలుగు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. పుస్తకంలోనూ ఈబుక్‌లోనూ పొందుపరచడానికి అనుమతి అడగక్కర్లేదు. నేనైతే వచనానికి మండలి గానీ నోటో సెరిఫ్ గానీ పెట్టి, లావు రామభద్రని శీర్షికలకే ఉంచుతాను. ఒకే పాయింటు సైజులో ఒక ఫాంటు పెద్దగా, ఇంకొకటి చిన్నగా కనబడుతుంది కాబట్టి సంఖ్యల్ని నమ్మకండి. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల లైను ఎత్తుతో మొదలుపెట్టి, కాగితం మీద చూసి మార్చుకోండి. పై లైను వత్తులు కింది లైను గుడులకి తగలకూడదు. తెర మీద ఇది తెలియదు.

ప్రెస్సు వాళ్లకి కావాల్సింది చిన్నదే. 1/8 డెమీ అయితే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. ఒక్కో పేజీ విడిగా ఉన్న పీడీఎఫ్ ఇవ్వండి, ఫారాలుగా పేర్చుకోవడం వాళ్ల పని. మొత్తం పేజీలు 16 గుణిజంలో వచ్చేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. ఒక్క చిక్కు ఉంది: ఇలా తీసిన పీడీఎఫ్‌లో నలుపు ఆర్‌జీబీ (తెర కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపే పద్ధతి) రంగుగా ఉంటుంది. దాన్ని అలాగే ప్లేటు తీస్తే, కొన్నిచోట్ల నలుపు నాలుగు రంగుల్లోకి విడిపోయి అక్షరం మసకేస్తుంది, లేదా రంగుల ముద్రణ రేటు పడుతుంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫైలుని గ్రేస్కేల్‌కి మార్చి ఇవ్వండి. అట్ట విడి పని, అది ఇంక్‌స్కేప్‌లోనో స్క్రైబస్‌లోనో ఆర్టిస్టు చేత చేయించుకోవడమే మేలు. దాన్ని కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోంచి లాగాలని మీ మిత్రుడు ఉత్సాహపడితే ఆపండి.

డబ్బు పెట్టాల్సిన చోటు ఇది: అను నుంచి యూనికోడ్‌కి మార్చడం, ఆ తర్వాత ప్రూఫులు. మార్పిడి ప్రోగ్రాములు చాలావరకు సరిగ్గానే మారుస్తాయి. కానీ వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు చేస్తాయి, అవి కంటితో చదివితే తప్ప దొరకవు. మీ పాత పుస్తకాలన్నీ ఒకేసారి మార్చాలనుకోకండి. ఏది రెండో ముద్రణకి వస్తుందో దాన్నే మార్చండి. మంచి ప్రూఫ్‌రీడర్‌కి ఇచ్చే పారితోషికం, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, సీఎస్‌ఎస్ ఒకసారి రాసిపెట్టే కుర్రవాడికిచ్చే డబ్బు, ఈ రెండూ కలిపినా ఆ సంస్థ చెప్పిన అంకె దరిదాపులకి రావు.

ఒక క్రమశిక్షణ మాత్రం ముగ్గురూ ఒప్పుకోవాలి. దిద్దుబాటు ఏదైనా ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే జరగాలి, పీడీఎఫ్‌లో కాదు. రచయిత చివరి నిమిషంలో ఫోన్ చేసి ‘ఆ ఒక్క మాట మార్చండి’ అంటే, ప్రెస్సులో కూర్చుని పీడీఎఫ్‌లో మార్చడానికి చేయి లాగుతుంది. మార్చారా, ఈబుక్‌లో ఒక మాట, అచ్చులో ఇంకో మాట, రెండో ముద్రణలో పాత తప్పు. ఈ దారి పట్టిన లాభమంతా అక్కడే పోతుంది. అలాగే పుస్తకం అచ్చుకి వెళ్లిన రోజున ఎక్స్‌ఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, ఫాంట్లు, పీడీఎఫ్, ఏ వెర్షన్ వీజీప్రింట్ వాడారో రాసిన చీటీ అన్నీ ఒకే ఫోల్డర్‌లో దాచండి. ప్రోగ్రాం కొత్త వెర్షన్ వస్తే పేజీలు అటూ ఇటూ జరగొచ్చు. ఈబుక్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు: ఈపబ్ (ఈబుక్ ఫైలు) లోపల ఉండేది కూడా హెచ్‌టీఎమ్‌ఎల్లే కాబట్టి సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ఈపబ్‌చెక్‌తో ఒకసారి పరీక్షించుకుంటే చాలు.

డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా అవసరమైతే, ప్రిన్స్ గురించి ఆలోచించండి. మెల్‌బోర్న్‌లోని యెస్‌లాజిక్ కంపెనీది. సీఎస్‌ఎస్‌ని మొదట ప్రతిపాదించిన హోకన్ వియుమ్ లీకి అందులో భాగముంది. భారతీయ లిపుల కూర్పు మీద వాళ్లు శ్రద్ధగా పనిచేశారు. మొదటి పేజీలో చిన్న ముద్రతో వ్యాపారేతర వాడకానికి ఉచితం, కాబట్టి పరీక్షించడానికి పైసా అక్కర్లేదు. మీరు పుస్తకాలు అమ్ముతారు గనక అసలు ముద్రణకి లైసెన్సు కొనాల్సిందే. డెస్క్‌టాప్ లైసెన్సు వందల డాలర్లలో ఉంటుంది, సర్వర్‌ది వేలల్లో. మీకు సర్వర్‌ది అక్కర్లేదు. పెద్ద రచయిత సర్వస్వం ఏదైనా సంపుటాలుగా వేసే పని తలకెత్తుకుంటే, పేజీకి మూడు అధస్సూచికలు, చివర పదసూచిక ఉంటే, అప్పుడు కొనండి. మీ సీఎస్‌ఎస్ చాలావరకు అలాగే అక్కడా పనిచేస్తుంది. ఇది కూడా సీఎస్‌ఎస్ దారిని ఎంచుకోవడానికి ఒక కారణం.

అన్ని పుస్తకాల్నీ ఈ గాటన కట్టేయాలని కూడా లేదు. బొమ్మల చుట్టూ అక్షరాలు తిరిగే పిల్లల పుస్తకం, పేజీకో రకంగా పంక్తులు పరిచే ప్రయోగ కవిత్వం డీటీపీ మనిషి చేతిలోనే బాగుంటాయి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు వచ్చు గనక, అను బదులు అందులో చేయమని అడగండి చాలు.

మొదటి అడుగుగా పద్య నాటకంలోంచి ఒక ఫారం, అంటే 16 పేజీలు తీసుకోండి. కథలకంటే అదే కష్టం కాబట్టి అది కుదిరితే మిగతావి కుదిరినట్టే. పరీక్ష పేజీని కూడా దాని వెంట పెట్టి, మామూలు ప్రింటర్ మీద కాక మీ ప్రెస్సులో, మీరు వాడే కాగితం మీదే తీయించి చూడండి. ఆ సాఫ్ట్‌వేర్ సంస్థతో మాటలు ఇంకా నడుస్తుంటే అదే పరీక్ష పేజీ వాళ్లకీ పంపి, వాళ్ల ఫార్మాటర్‌లో తీసిన పీడీఎఫ్ పంపమనండి. రాసిపెట్టే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైళ్లు మీ సొంతమవుతాయా, వాళ్ల దగ్గరే ఉంటాయా అన్నది కూడా కాగితం మీద అడగండి.